వార్డులో ఇన్ఫెక్షన్‌ని ఆపడం నేర్చుకుందాం – పాఠం 3: మీ చెయ్యి ఇందాక ఎక్కడుంది?

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. కాథెటర్ (మూత్రాశయంలోంచి మూత్రాన్ని బ్యాగ్‌లోకి దింపే గొట్టం) వేసిన పేషెంట్‌ని స్ట్రెచర్ మీద స్కానింగ్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చారు, రెండు రోజులకి జ్వరం, పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. ఇన్ఫెక్షన్ ఒకరి నుంచి ఇంకొకరికి చేరే మన గొలుసులో ఆరు లంకెలున్నాయి కదా: క్రిమి, అది కాపురముండే చోటు, బయటపడే దారి, ప్రయాణం, లోపలికి దూరే దారి, తట్టుకోలేని ఒళ్ళు. వీటిలో ఏది ఎక్కడ కలిసిందో చెప్పమన్నాను. స్ట్రెచర్ తోసేటప్పుడు యూరిన్ బ్యాగ్ వేలాడుతూ అడ్డమొస్తోందని దాన్ని ఎత్తి పేషెంట్ పొట్ట మీదనో కాళ్ళ మధ్యనో పెట్టేస్తుంటారు. బ్యాగ్ మూత్రాశయం కంటే ఎత్తులోకి వచ్చిందంటే అందులో నిలవున్న మూత్రం గొట్టంలోంచి వెనక్కి పారుతుంది, బ్యాగ్‌లో పెరిగిన క్రిములు కూడా దాంతోపాటే వెళ్తాయి. బ్యాగ్ నడుము కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి ఆనకూడదు.

ఇంతవరకు రాసుకున్నవాళ్ళకి సగం మార్కులే. మిగతా సగం "అసలు ఆ కాథెటర్ ఇవాళ కూడా అవసరమా అని ఎవరైనా అడిగారా?" అని రాసినవాళ్ళకి. గొట్టం లోపలున్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతూనే ఉంటుంది. జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా, అవసరం తీరిన రోజునే తీసేయడానికి సాటి రాదు.

ఇవాళ నాలుగో లంకె, ప్రయాణం. అందులోనూ చేతుల ప్రయాణం మాత్రమే. తుంపర్లు, గాలి, మాస్కులు వచ్చే పాఠానికి వదిలేస్తున్నా. చేతులు కడుక్కోమని చెప్పడానికి ఒక పాఠం అవసరమా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కడుక్కోవాలని అందరికీ తెలుసు. ఎప్పుడు అనే దగ్గరే తేడా కొడుతుంది.

ఒక నర్సు చేతిని నాలుగు నిమిషాల పాటు వెంబడిద్దాం, రండి. ఆరు బెడ్ల వార్డు. బెడ్ 3లో ఉన్న పెద్దాయన తొడ మీద పుండుకి డ్రెస్సింగ్ ఉంది, ఆయనకి ఎం.ఆర్.ఎస్.ఏ. ఉంది, అంటే మామూలు యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి లొంగని స్టాఫ్ బాక్టీరియా. నర్సు డ్రెస్సింగ్ జోలికే వెళ్ళలేదు. దిండు ఎత్తు సరిచేసింది, కిందికి జారిన దుప్పటి పైకి లాగింది, మంచం పక్క రెయిలింగ్ పైకి లేపింది. ఇంతలో బెడ్ 4 దగ్గర సెలైన్ పంప్ కుయ్‌కుయ్‌మని మొదలెట్టింది. గబగబా వెళ్ళి బటన్ నొక్కింది, ట్యూబులో గాలి బుడగ ఉందేమో చూసింది, కాన్యులా (రక్తనాళంలోకి వేసిన సన్నటి గొట్టం) మూత విప్పి సిరంజీతో కొంచెం మందు నీళ్ళు పంపి, మళ్ళీ మూత బిగించింది. తర్వాత "అమ్మయ్య" అనుకుని చేతులు రుద్దుకుంది.

ఆమెని అడిగి చూడండి, తనేం మురికి ముట్టుకోలేదంటుంది. నిజమే, కంటికి కనిపించే మురికి ఏదీ లేదు. కానీ మన చర్మం మీంచి సన్నటి పొట్టు రోజంతా రాలుతూనే ఉంటుంది, స్టాఫ్ బాక్టీరియా ఉన్నవాళ్ళ ఒంటి మీంచి రాలే పొట్టులో అదీ ఉంటుంది, అది దుప్పటి మీద, రెయిలింగ్ మీద, పంప్ బటన్ మీద పడుతుంది. పొడిగా ఉన్న వస్తువుల మీద ఈ రకం బాక్టీరియా రోజులు కాదు, వారాల తరబడి బతకగలదు. దుప్పటి మీంచి వేళ్ళ కొసలకి, అక్కడి నుంచి బెడ్ 4 కాన్యులా మూతకి, దాన్నుంచి నేరుగా రక్తంలోకి. ఇదంతా నాలుగు నిమిషాల్లో, ఒక మంచి నర్సు చేతిమీదుగా జరిగిపోయింది. చివర్లో చేతులు రుద్దుకుంది చూశారూ, దానివల్ల మేలు జరిగింది ఆ తర్వాతి పేషెంట్‌కి. బెడ్ 4కి కాదు.

అందుకే "నా చేతులు శుభ్రంగా ఉన్నాయా?" అని అడక్కండి, ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. "నా చెయ్యి ఇందాక ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడికి వెళ్తోంది?" అని అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పిన అయిదు సందర్భాలు ఈ ప్రశ్న చుట్టూ అల్లినవే. పోస్టర్ చూసి బట్టీ పడితే డ్యూటీలో గుర్తుకు రావు, కాబట్టి నేను ఇలా చెప్తాను. ప్రతి మంచం చుట్టూ ఒక గిరి గీసి ఉందనుకోండి. పేషెంటు, ఆయన పరుపు, రెయిలింగ్, పక్కనున్న లాకర్, ఆయనకి తగిలించిన పంపు, మానిటర్ అన్నీ గిరి లోపల. ఆ లోపలున్న క్రిములు ఆయనవి. గిరి దాటి లోపలికెళ్ళి పేషెంట్‌ని ముట్టుకునే ముందు ఒకసారి, అది మొదటి సందర్భం. ముట్టుకుని బయటికొచ్చేటప్పుడు ఒకసారి, అది నాలుగోది. పేషెంట్‌ని ముట్టుకోకుండా ఆయన మంచాన్నో పంపునో మాత్రమే ముట్టుకుని వచ్చినా సరే ఒకసారి, ఇది అయిదోది, అందరూ మర్చిపోయేది. ఇక గిరి లోపల ఉండగానే రెండున్నాయి: ఒంట్లోకి దారి ఉన్నచోట చెయ్యి పెట్టే ముందు, అంటే కాన్యులా, కాథెటర్, పుండు, ఇంజెక్షన్ లాంటివాటి ముందు (రెండోది), రక్తమో మూత్రమో చీమో తగిలిందనుకున్న వెంటనే (మూడోది).

బెడ్ 3 నుంచి బయటికి, బెడ్ 4లోకి, ఇలా రెండుసార్లు వరసగా రుద్దుకోవాలా? అక్కర్లేదు. మధ్యలో ఇంకేదీ ముట్టుకోకుండా నేరుగా వెళ్తే ఒకసారి రుద్దుకున్నది రెండింటికీ సరిపోతుంది. మధ్యలో ఫోను, కర్టెన్, కేస్ షీటు, జేబులో పెన్ను... వీటిలో ఏది ముట్టుకున్నా మళ్ళీ మొదటికొచ్చినట్టే. మన నర్సు అయితే బెడ్ 4 దగ్గర ఇంకోసారి కూడా రుద్దుకోవాల్సింది, ఎందుకంటే ఆమె పంప్ బటన్ నొక్కి ఆ చేత్తోనే కాన్యులా విప్పింది. అది రెండో సందర్భం. కాన్యులా మూతని కూడా స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజీ పెట్టాలి. ఊరికే తాకించి తీసేస్తే తుడిచినట్టు కాదు.

ఒక విషయం గమనించారా? ఎక్కడ లెక్కపెట్టి చూసినా, పేషెంట్‌ని ముట్టుకున్న "తర్వాత" చేతులు శుభ్రం చేసుకునేవాళ్ళే ఎక్కువ, "ముందు" చేసుకునేవాళ్ళు తక్కువ. తర్వాత చేసుకునేది మన కోసం, ముందు చేసుకునేది ఆయన కోసం. కావాలని చేసేది కాదు, మనసు అలా పనిచేస్తుంది, అంతే.

ఇది కొత్త జబ్బేం కాదు. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు పట్టుకున్నది కూడా ఇదే. అక్కడ రెండు ప్రసవ వార్డులుండేవి, ఒకటి డాక్టర్లూ వైద్య విద్యార్థులూ చూసేది, రెండోది మంత్రసానులు చూసేది. బాలింత జ్వరంతో చనిపోయేవాళ్ళు మొదటి వార్డులోనే చాలా ఎక్కువ. ఆయన స్నేహితుడు కొల్లెట్ష్కా శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి గీసుకుని, అచ్చం బాలింత జ్వరం లాంటి జబ్బుతోనే పోయాడు. అప్పుడు వెలిగింది సెమ్మెల్వైస్‌కి: డాక్టర్లు శవాల గదిలోంచి నేరుగా ప్రసవాల గదికి వస్తున్నారు. సబ్బుతో కడిగినా చేతుల వాసన పోయేది కాదు, కాబట్టి క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో కడగాలన్నాడు. ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది పోతే జూన్‌కల్లా సుమారు ఇద్దరికి తగ్గింది. అయినా చాలామంది పెద్ద డాక్టర్లకి మింగుడు పడలేదు, జబ్బు తమ చేతులతోనే వస్తోందంటే ఎవరికి నచ్చుతుంది చెప్పండి. ఇప్పటికీ "మీరు చెయ్యి రుద్దుకోలేదండీ" అంటే మొహం మాడ్చుకునేవాళ్ళున్నారు.

సరే, ఇక పద్ధతి. ఆల్కహాల్ హ్యాండ్ రబ్ అయితే అరచేతి గుంట నిండేంత తీసుకోవాలి, రెండు చుక్కలు కాదు. చేతులు పూర్తిగా తడవాలి, రుద్దడం 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. అరచేతులు, చేతి వెనక భాగం, వేళ్ళ సందులు, వేళ్ళ వెనకలు, బొటనవేళ్ళు, వేళ్ళ కొసలు. అరచేతులు మాత్రం ఎవరూ వదలరు. వదిలేసేది బొటనవేలూ కొసలూ, అందులోనూ కుడిచేతి వాటమున్నవాళ్ళు కుడి బొటనవేలే వదిలేస్తారు, ఎందుకంటే దాన్ని రుద్దాల్సింది అలవాటు లేని ఎడమ చెయ్యి. విచిత్రం ఏంటంటే కాన్యులా మూత విప్పేది సరిగ్గా ఆ వేళ్ళతోనే. నా మట్టుకు నేను ముందు వేళ్ళ కొసల్నే అరచేతి గుంటలోని హ్యాండ్ రబ్‌లో ముంచి తిప్పుతాను, ఆ తర్వాతే మిగతా చెయ్యి. చివరికి ఆరేదాకా ఆగాలి. చేతులు విదిలించడం, ఏప్రన్‌కి తుడుచుకోవడం చేస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే.

ఆల్కహాల్ ఎంత గాఢంగా ఉంటే అంత మంచిది కదా అని ఒకరు అడిగారు. కాదు. క్రిమిలోని ప్రోటీన్లు చెడిపోవాలంటే కొంత నీరు కూడా ఉండాలి, అందుకే 60 నుంచి 80 శాతం మధ్య ఉన్నవే వాడతారు.

సబ్బూ నీళ్ళూ ఎప్పుడంటే, చేతికి మురికి కనిపిస్తున్నప్పుడు, రక్తం లాంటివి అంటుకున్నప్పుడు, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక. ఇంకోటి ముఖ్యం: యాంటీబయాటిక్స్ వాడాక పట్టుకునే సి-డిఫ్ అనే క్రిమి వల్ల విరేచనాలున్న పేషెంట్ దగ్గర ఆల్కహాల్‌ని నమ్ముకోవద్దు. ఆ క్రిమి గట్టి పెంకులో ముడుచుకుని ఉంటుంది, ఆల్కహాల్ ఆ పెంకుని ఏమీ చెయ్యలేదు, సబ్బుతో రుద్ది నీళ్ళతో కొట్టుకుపోయేలా చెయ్యాల్సిందే. మొత్తం 40 నుంచి 60 సెకన్లు. మామూలప్పుడు మాత్రం హ్యాండ్ రబ్బే మేలు, చర్మానికి కూడా. మాటిమాటికీ సబ్బు వాడితేనే చేతులు పగులుతాయి, పగిలిన చర్మంలో క్రిములు ఇంకా బాగా తిష్ట వేస్తాయి. ఉంగరాలు, గాజులు, వాచీ, పెంచిన గోళ్ళు డ్యూటీలో వద్దు, దీనిమీద వాదన అక్కర్లేదు.

గ్లవ్స్ గురించి నా సొంత ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొత్తగా చేరిన రోజుల్లో గ్లవ్స్ వేసుకుని పేషెంట్ డ్రెస్సింగ్ విప్పాను, అవే గ్లవ్స్‌తో డ్రాయర్ లాగి కొత్త గాజు గుడ్డ తీశాను, అవే గ్లవ్స్‌తో కేస్ షీట్ మీద సంతకం కూడా పెట్టాను. సీనియర్ సిస్టర్ ఒకావిడ ఏమీ అనకుండా నా పెన్ను తీసుకుని, స్పిరిట్‌తో తుడిచి, నా జేబులో పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు. గ్లవ్స్ కాపాడేది వేసుకున్నవాణ్ణి. వాటి బయటి వైపుకి ఏది అంటితే అది చేతికి అంటినట్టే తిరుగుతుంది, పైగా గ్లవ్స్ ఉన్నాయన్న ధీమాతో మనం ఇంకా నాలుగు చోట్ల ముట్టుకుంటాం. కంటికి కనబడని చిల్లులుండొచ్చు, తీసేటప్పుడు మణికట్టుకి అంటొచ్చు. కాబట్టి వేసుకునే ముందూ, తీశాకా చేతులు రుద్దుకోవడం తప్పదు.

తీసే పద్ధతి ఇదీ: ఒక చేతి గ్లవ్‌ని మణికట్టు దగ్గర బయటి వైపు చిటికెడు పట్టుకుని లోపలిది బయటికొచ్చేలా ఒలవండి, తీసింది రెండో చేతి గుప్పిట్లో ఉంచండి. ఇప్పుడు ఒట్టి వేలిని రెండో గ్లవ్ అంచు కింద, లోపలి వైపున చర్మానికి ఆనుకుని దూర్చి, మొదటి దాని మీదుగా ఒలిచేయండి. చివరికి ఒకదానిలో ఒకటి ఉండలా వస్తాయి. గ్లవ్ బయటి వైపుకి గ్లవ్వే తగలాలి, చర్మానికి చర్మమే తగలాలి, ఇదే లెక్క.

ఇంటి పని రెండు. మొదటిది, కడిగితే పోయే పోస్టర్ కలర్ ఒక చెంచాడు చేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని, మీరు మామూలుగా హ్యాండ్ రబ్ వాడినట్టే రుద్దండి. కళ్ళు తెరిచి, రంగు అంటని చోట్లు కాగితం మీద చేతి బొమ్మ గీసి గుర్తుపెట్టుకోండి. వారం తర్వాత మళ్ళీ చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

రెండోది లెక్క. బెడ్ 2 దగ్గర నర్సు గ్లవ్స్‌తో యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసింది. గ్లవ్స్ తీసేసి, వెంటనే అదే పేషెంట్ దిండు సర్ది, నీళ్ళ గ్లాసు అందించింది. బయటికొస్తూ హ్యాండ్ రబ్‌తో చక్కగా 30 సెకన్లు రుద్దుకుంది. నడుస్తూ ఫోన్ మాట్లాడి, జేబులో పెట్టేసి, బెడ్ 5 పేషెంట్ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. అయిదు సందర్భాల్లో ఏది పాటించింది, ఏవి తప్పాయి? గిరి గీసి చూడండి. జవాబు పాఠం 4 మొదట్లో, మాస్కుల సంగతిలోకి దిగే ముందు.