పెనానికి అంటుకున్న దోసె

తిరుపతిలో మా ఇంట్లో పొద్దున దోసె లేని రోజు తక్కువ. రెండేళ్లు వాడిన నాన్‌స్టిక్ పెనం మీద పూత పొరలుగా లేస్తుంటే, పిల్లలు తింటారు కదా అని టెన్షన్ పట్టుకుంది. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెడితే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. మేం రోజూ చేసింది అదే.

పోత ఇనుము పెనం తెచ్చాను. మొదటి దోసె ముక్కలు ముక్కలుగా లేచింది. నూనె చాలలేదేమో అని ఇంకా పోసి కాల్చాను. పెనమంతా జిగురుగా, వేలు పెడితే పట్టుకునేలా తయారైంది.

తప్పు అక్కడే ఉంది. నూనె పలుచగా ఉంటేనే కాలి గట్టి పొరగా మారుతుంది, ఎక్కువైతే జిగురవుతుంది. స్టీలు పీచుతో ఆ జిగురంతా గీకి, కడిగి, మంట మీద తడి ఆర్చాను. నాలుగు చుక్కల శెనక్కాయ నూనె రాసి, అసలు రాయలేదేమో అనిపించేంత తుడిచేశాను. కిటికీలు తెరిచి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చి చల్లార్చాను. ఇలా ఐదుసార్లు.

ఇప్పుడు దోసెకు ముందు పెనం వేడిచేసి నీళ్లు చిలకరిస్తే చుక్కలు గుండ్రంగా పరుగెత్తాలి. అప్పుడు మంట తగ్గించి, సగం కోసిన ఎర్రగడ్డతో రుద్ది పిండి పోస్తాను. ఎర్రకారం దోసె అంచులు వాటంతటవే లేస్తున్నాయి.

చింతపండు పులుసు మాత్రం ఇనుములో వద్దు, పులుపు ఆ పొరను తినేస్తుంది. కడిగాక తడి ఉంచినా తుప్పే.