చేతికందే ద్రవాలు – పాఠం 4: కదిలిస్తే గట్టిపడేవి

పోయిన పాఠంలో టమాటా సాస్ సీసా కుదిపి, కదిలిస్తే పలచబడే ద్రవాన్ని చూశాం. ఈసారి దానికి పూర్తిగా ఎదురు. కదపగానే గట్టిపడడం ఎవరికైనా కనిపిస్తుంది. కదపడం ఆపాక ఆ గట్టిదనం ఏమైందో కనిపెట్టడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని.

పేకముక్కల దొంతర మీద అరచెయ్యి ఆనించి పక్కకు జరపండి. పై ముక్క ఎక్కువ జరుగుతుంది, అడుగుది కదలదు. ద్రవంలో పొరలూ ఇలాగే జారతాయి, అదే షియర్. ఎంత జోరుగా జారుతున్నాయో తెలియాలంటే వేగాన్ని ఎడంతో భాగించాలి. మీ వేలు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో, గిన్నె అడుగుకు 1 సెంటీమీటరు పైన కదిలితే షియర్ రేటు సెకనుకు 10. ఎడం 1 మిల్లీమీటరైతే 100. చెయ్యి వేగం అంతే, ఇరుకే పెరిగింది.

ఇప్పుడు కార్న్‌ఫ్లోర్ కావాలి. ఇక్కడ బెంగళూరులో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. రొట్టెల మొక్కజొన్న పిండి వద్దు, వేళ్ల మధ్య నలిపితే కిచకిచమనే తెల్ల పిండే తీసుకోండి. మొదటిసారి నేను రొట్టెల పిండితో ఓ సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. రెండు కప్పుల పిండికి సుమారు ఒక కప్పు నీళ్లు, కొద్దికొద్దిగా కలపండి. వేలు మెల్లగా దించితే దిగుతుంది. పిడికిలితో గుద్దితే ఆగిపోతుంది. గుప్పెడు తీసి గబగబా ఉండ చుట్టండి, తర్వాత చేతులు ఆపండి. ఉండ కాస్తా వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది.

గట్టిగా నొక్కినప్పుడు గింజల మధ్య నీటి పొర చెదిరి, గింజకు గింజ రాసుకుని ఇరుక్కుంటాయి. వదలగానే మళ్లీ జారతాయి. కాబట్టి దీన్ని జెల్ అనకండి. జెల్ అంటే లోపల ఒక అల్లిక నిలవాలి.

కొంతసేపు నిలిచే అల్లికా ఉంది. లాపొనైట్ అనే బంకమన్ను బిళ్లలు, ఒక్కొక్కటి ఇంచుమించు 1 నానోమీటరు మందం. వాటిని పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పొడవాటి అణువుల గొలుసులతో సరైన పాళ్లలో నీళ్లలో కలిపి సీసా ఊపితే, గొలుసులు సాగి బిళ్లకు బిళ్లకు వంతెన వేస్తాయి. సీసా తలకిందులు చేసినా జారదు. అలా వదిలేస్తే గొలుసులు ఊడి, మళ్లీ నీళ్లవుతుంది. లాపొనైట్ మీద పనిచేసే వాళ్లు మన సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నారు.

ఇక వెనక్కి రానిది. రామనగర మార్కెట్లో పట్టుగూళ్ల కుప్పలు చూశారా? పురుగు కడుపులో ఆ దారం నీళ్లలో కరిగిన జిగట ప్రొటీను. పోనుపోను సన్నబడే గొట్టంలోంచి, తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ పురుగు దాన్ని లాగుతుంది. ఎడం తగ్గితే షియర్ పెరుగుతుందని లెక్కకట్టాం కదా! ఆ లాగుడుకు ప్రొటీను గొలుసులు ఒకే వరసకు వచ్చి, ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. గొట్టంలో పెరిగే ఆమ్లగుణమూ తోడవుతుంది. ఆ దారం మళ్లీ నీళ్లలో కరగదు. నాకైతే ఈ పాఠం మొత్తంలో ఇంతకన్నా అందమైనది లేదు.

వెన్నదీ ఈ దారే. మీగడ చిలికేటప్పుడు అమ్మ చల్లనీళ్లు ఎందుకు పోస్తుంది? చల్లబడితే కొవ్వు బొట్టులో కొంత గడ్డకట్టి ముళ్లలాంటి స్ఫటికాలు లేస్తాయి. కవ్వం తిప్పుడుకు రెండు బొట్లు గుద్దుకుంటే ఆ ముళ్లు పైపొరను పొడుస్తాయి, బొట్లు అతుక్కుంటాయి.

వారం పని: ఒకే మీగడను రెండు గిన్నెల్లో పోయండి. ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసింది, ఒకటి బయట ఉంచింది. చిలుకుతూ నిమిషాలు రాయండి. కవ్వం ఆపి, ఐదు నిమిషాలాగి, చెంచాతో గీత గీయండి. గీత పూడిందా, నిలిచిందా అన్నదీ రాసుకోండి.