వైజాగ్ కాలనీ వంటి జాలరి ఊరి చరిత్ర రాయాలంటే

నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ విశాఖ తీరం నుంచి వలస వచ్చిన జాలర్లది. ఇలాంటి ఊరి చరిత్ర కాగితాల మీద తక్కువ, మనుషుల యాదిలో ఎక్కువ. పెద్దలు ఉండగానే రాసుకోవాలి.

"ఏ సంవత్సరంలో వచ్చారు?" అని అడగొద్దు. ఇవాళ ఒక అంకె చెప్తారు, రేపు ఇంకొకటి. ముందే కొన్ని గుర్తులు రాసుకుని పోండి: 1967 ఆగస్టులో సాగర్ కాల్వలకు నీళ్లు వదలడం, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1990 మే తుఫాను, 2009 అక్టోబరు కృష్ణా వరద. "ఉప్పెన నాటికి ఇక్కడున్నారా, సముద్రం దగ్గరా? పెద్దబిడ్డ పుట్టిందా?" అని అడగండి. రెండు గుర్తుల నడుమ తేలితే చాలు. అంతకు మించి తేల్చబోతే మీ ఊహను వాళ్ల నోట పెట్టినట్టే.

సొంతూరి పేరు తప్పక రాసుకోండి. విజయనగరం జిల్లా 1979లో, అనకాపల్లి 2022లో ఏర్పడ్డాయి కాబట్టి "వైజాగ్" అన్నవాళ్ల ఊరు ఇప్పుడు వేరే జిల్లాలో ఉండొచ్చు. ఇటువైపు మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు కాగితాలైతే దేవరకొండ తాలూకా పేరు మీద వెతకాలి.

తెల్లారి వలలు తీసే వేళ పోతే ఎవరికీ తీరిక ఉండదు. మధ్యాహ్నం, వల బాగుచేసుకునేటప్పుడు పోండి. చేతిలో పని ఉంటే మాట దానంతటదే సాగుతుంది. ఒడ్డున గాలికి రికార్డింగులో మాట వినబడదు. గోడచాటున కూర్చుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మనిషికి మూరెడు దూరంలో ఉంచండి.

ఇంట్లో పాత వల ఉంటే వదలొద్దు. ఒక కన్నును (ముడుల నడుమ ఖాళీని) బిగలాగి, ముడి నుంచి ఎదుటి ముడికి స్కేలు పెట్టి ఫోటో తీయండి. నూలా, నైలానా, ఏ చేపకు, ఎవరు అల్లారు అని అడగండి. కన్ను సైజు మారిన కాలం తెలిస్తే పట్టే చేప ఎప్పుడు మారిందో దొరుకుతుంది.

చేపలమ్మిన ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. కిలో ఎంతకు పోయేది, వలకు షావుకారు ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, దానికి బదులు చేప ఎవరికి వేయాల్సి వచ్చింది? ఈ లెక్కలు మగవాళ్ల కన్నా వాళ్లకే బాగా గుర్తుంటాయి.

చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వల మీద నిషేధం ఉంది. ఆ ముచ్చట వస్తే పేర్లు రాయొద్దు. చుట్టుపక్కల ఊళ్ల ముదిరాజ్, బెస్త జాలర్లనూ అడిగి, రెండు వైపుల మాటా పక్కపక్కనే పెట్టండి.

రాసింది వాళ్లకు చదివి వినిపించండి. తప్పన్నచోట పాతమాట కొట్టేయకుండా, కొత్తది పక్కన తేదీ వేసి రాయండి.