ఫేస్ టు ఫేస్ అనే మాటని ఇంగ్లీష్‌లో ఎలా వాడాలి?

ఇంటర్వ్యూ మెయిల్‌లో "ఫేస్ టు ఫేస్ రౌండ్" అని ఉంటే వీడియో కాలా లేక ఆఫీసుకి వెళ్లాలా అని చాలామందికి డౌట్ వస్తుంది, అడగాలంటే మొహమాటం. అందుకే ఈ మాట వాడకం ఒక్కొక్కటిగా చూద్దాం.

స్టెప్ 1: ముందు అర్థం. ఇద్దరూ ఒకేచోట ఎదురెదురుగా ఉండటం, మనం ముఖాముఖి అంటాం కదా అదే. ఫోన్, మెయిల్, చాట్ ఇందులోకి రావు. వీడియో కాల్‌లో మొహాలు కనపడతాయి గానీ మామూలుగా దాన్ని ఇలా అనరు, కాకపోతే కొన్నిచోట్ల వీడియో రౌండ్‌ని కూడా ఫేస్ టు ఫేస్ అనే రాస్తున్నారు కాబట్టి "ఈజ్ ఇట్ ఇన్ పర్సన్ ఆర్ ఆన్ వీడియో?" అని ఒక లైన్ మెయిల్ పెట్టి కనుక్కోండి, అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

స్టెప్ 2: వాక్యంలో ఎక్కడ పెట్టాలి. క్రియ తర్వాత వస్తే హైఫన్లు అక్కర్లేదు, "వి మెట్ ఫేస్ టు ఫేస్". మీటింగ్, ఇంటర్వ్యూ లాంటి మాట ముందు వస్తే హైఫన్లు పెట్టాలి, "ఎ ఫేస్-టు-ఫేస్ మీటింగ్". పదిమంది కలిసినా ఫేసెస్ అవ్వదు, ఫేసే.

స్టెప్ 3: ముందు "కమ్", వెనక "విత్" చేరితే అర్థం మారిపోతుంది. అలిపిరి మెట్లదారిలో ఒకాయనకి చిరుత ఎదురుపడిందనుకోండి, "హి కేమ్ ఫేస్ టు ఫేస్ విత్ ఎ లెపర్డ్" అంటారు. జంతువే కానక్కర్లేదు, పేదరికం, చావు, అప్పటిదాకా పేపర్లో చదివిన కరువు, ఏదైనా సరే కళ్లారా చూడాల్సి వస్తే ఇదే వాడొచ్చు.

స్టెప్ 4: దీనికి దగ్గరగా ఉండే మాటలతో కలిపెయ్యకండి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "మొహం మీదే చెప్పేశాడు" అనడానికి "హి టోల్డ్ మి ఫేస్ టు ఫేస్" అంటే ఎదురుగా కూర్చుని చెప్పాడనే వస్తుంది, ఆ కటువుతనం రాదు, "హి సెడ్ ఇట్ టు మై ఫేస్" అనాలి. మనం "పర్సనల్‌గా కలుద్దాం" అంటాం చూడండి, దానికి ఇంగ్లీష్‌లో "లెట్స్ మీట్ ఇన్ పర్సన్" సరిగ్గా సరిపోతుంది. మూడో మనిషి లేకుండా ఇద్దరే మాట్లాడుకోవడం వన్ ఆన్ వన్, అది ఫోన్‌లో అయినా అవ్వొచ్చు. ఐ టు ఐ వేరే సంగతి, "వి డోంట్ సీ ఐ టు ఐ" అంటే మా ఇద్దరికీ అభిప్రాయాలు కలవవు అని.

ఆఫీసు కాగితాల్లో ఎక్కువగా కనపడేది ఇన్ పర్సన్. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు, మన బదులు ఇంకొకరు వెళ్తే కుదరదు, అక్కడ ఇన్ పర్సన్ అంటే స్వయంగా రావాలని. అమెరికా వీసాకీ అంతే, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఆఫీసర్ ముందు నిలబడితే అది ఇన్ పర్సన్ ఇంటర్వ్యూ, మనవాళ్లు డ్రాప్‌బాక్స్ అనేది ఆ ఇంటర్వ్యూకి వెళ్లక్కర్లేదని ఇచ్చే మినహాయింపుని.

స్టెప్ 5: ఎఫ్‌2ఎఫ్, అంటే ఫేస్ టు ఫేస్‌కి పొట్టి రూపం. అమెరికాలో ఐటీ కన్సల్టెన్సీల రిక్వైర్‌మెంట్ మెయిల్స్‌లో (ఫలానా ఉద్యోగానికి మనిషి కావాలని పంపేవి) "ఎఫ్‌2ఎఫ్ మస్ట్" అని ఉంటుంది, అంటే క్లయింట్ (పని చేయించుకునే కంపెనీ) దగ్గరికి ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే, వేరే ఊళ్లో ఉంటే ప్రయాణం ఖర్చు ఎవరిదో ముందే అడగండి. చాట్‌లో ఓకే గానీ మీరు రాసే అప్లికేషన్లో ఈ పొట్టి రూపం వద్దు.

చివరగా, మేనేజర్‌కి "ఐ వాంట్ టు టాక్ టు యు ఫేస్ టు ఫేస్" అని పెడితే ఏదో పెద్ద గొడవ తేల్చుకోడానికి వస్తున్నట్టు ఉంటుంది, నాకైతే అది చాలా బరువుగా అనిపిస్తుంది. "కుడ్ వి మీట్ ఇన్ పర్సన్ దిస్ వీక్?" అనండి, పనీ అవుతుంది, మర్యాదగానూ ఉంటుంది.