ఇండెక్స్ ఉన్నా డేట్ ఫిల్టర్ నత్తనడకేనా?
మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ఆర్డర్ల టేబుల్‌లో కోటికి పైగా రికార్డులు. ఒక్కరోజు లెక్క అడిగినా రిపోర్టు వచ్చేలోపు టీ తాగి రావచ్చు. తేదీ కాలమ్‌కి ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉంది కదా అని, క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌ని దాని ముందు పెట్టి చూశాను. టైప్ దగ్గర 'ఆల్' అని ఉంది, అంటే మైఎస్‌క్యూఎల్ టేబుల్ మొత్తం చదువుతోంది. క్వెరీలోని వేర్ షరతులో కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో (సమయం వదిలేసి తేదీని మాత్రమే ఇచ్చేది) పెట్టి రాయడమే తంటా, అలా రాస్తే ఆ ఇండెక్స్ అక్కరకు రాదు.

ఫంక్షన్ తీసేయండి. మార్చి 5 లెక్క కావాలంటే, కాలమ్ విలువ మార్చి 5, 00:00కి సమానం లేదా ఎక్కువ, మార్చి 6, 00:00 కంటే తక్కువ అని రెండు షరతులు రాయండి. ఇక్కడ బిట్వీన్ వద్దు, అది రెండు చివరలనూ కలుపుకుంటుంది కాబట్టి మర్నాటి 00:00 రికార్డులూ కలిసిపోతాయి.

టేబుల్‌లో సగానికి పైగా రికార్డులు అడిగే రిపోర్టుకి మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు చాలావరకు మళ్లీ ఫుల్ స్కానే, అంటే టేబుల్ మొత్తం చదవడమే.