రోడ్ బైక్ గేర్లు, 4వ పాఠం: కొండకి ఏ క్యాసెట్?

పోయిన పాఠంలో గేర్ నిష్పత్తి లెక్క చూశాం: ముందు చైన్‌రింగ్ (పెడల్ దగ్గరుండే పళ్ల చక్రం) పళ్లని వెనక పళ్ల చక్రం పళ్లతో భాగించడమే. వెనకుండే ఆ పళ్ల చక్రాల గుత్తినే క్యాసెట్ అంటాం. ఇప్పుడు ఆ లెక్కతో కొండెక్కుదాం. బెంగళూరులో ఉండే మనవాళ్లు సెలవురోజు తెల్లారకముందే బయల్దేరే నంది హిల్స్ ఉందిగా, 1,478 మీటర్ల ఎత్తు, అదే అనుకోండి. పైకెళ్లేకొద్దీ దారి నిటారవుతుంది.

ముందు మీ కాళ్ల సత్తువ చూడాలి, గేర్లు ఆ తర్వాత. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలైతే, 8 శాతం ఎక్కుడులో గంటకి 9 కిలోమీటర్లు వెళ్లడానికి సుమారు 180 వాట్లు పట్టాలి. జ్వరం వచ్చి నెల్లాళ్లు సైకిల్ ముట్టని మనిషి 140 వాట్లే పెట్టగలిగితే వేగం 7కి పడిపోతుంది.

టైరు ఒక చుట్టుకి దాదాపు 2.1 మీటర్లు పోతుంది. 34 పళ్ల చైన్‌రింగ్‌కి వెనక 28 పళ్ల చక్రం ఉంటే, ఫిట్‌గా ఉన్నరోజు నిమిషానికి 59 సార్లు తొక్కుతారు. నీరసంగా ఉన్నరోజు 46. ఆ 46 దగ్గరే మోకాళ్లు మొరాయిస్తాయి. వెనక 34 పెడితే అవే వేగాలకి 71, 56 అవుతాయి. అందుకే నా మాట: క్యాసెట్‌ని మీ మంచిరోజు చూసి కొనకండి. వెనక పెద్ద పళ్ల చక్రం ఉంటే పరువు పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని పట్టించుకోవద్దు.

నష్టం లేకపోలేదు. 11-స్పీడ్‌లో, అంటే క్యాసెట్‌లో పదకొండు చక్రాలున్న సైకిల్‌లో, 11-34 (చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 34) పెడితే 15 తర్వాత నేరుగా 13 వస్తుంది. 11-28లో మధ్యన 14 ఉంటుంది. చదును రోడ్డు మీద గుంపుతో వెళ్లేటప్పుడు ఆ తేడా కాళ్లకి తెలుస్తుంది. కోనసీమలోనే తిరిగేవాళ్లకైతే 11-28 చాలు.

కొనేముందు వెనక డిరైలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) చూసుకోండి. షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే డిరైలర్ చెయ్యి) రకం 30 పళ్ల వరకే పనిచేస్తుంది, 34కి పొడుగు కేజ్ కావాలి. 28కి సరిపడా కోసిన చైన్ 34కి పొట్టిదైపోవచ్చు. సైకిల్ స్టాండు మీద పెట్టి, పెడల్ చేత్తో తిప్పుతూ, ముందూ వెనకా పెద్ద చక్రాల్లోకి మెల్లగా మార్చండి. కేజ్ పూర్తిగా ముందుకి లాగేసినట్టు బిగుసుకుంటే ఆపేయండి. బలవంతంగా తిప్పితే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క) విరుగుతుంది.

ఇంటిపని: మీరు ఎక్కే కొండలో అన్నిటికన్నా నిటారు ముక్కలో మీ వేగం, ఒక నిమిషంలో ఎన్నిసార్లు తొక్కారో రాసుకోండి. 5వ పాఠంలో ఆ అంకెలతోనే చైన్ పొడవు, బి-స్క్రూ (డిరైలర్‌కీ క్యాసెట్‌కీ మధ్య ఎడం సరిచేసే మర) సర్దుదాం.