పటాకుల మోత మొదలవకముందే పిల్లి కోసం ఏం చేయాలి?

దసరా నాడు వరంగల్‌లోని ఉర్సుగుట్ట దగ్గర రావణుడు కాలేటప్పుడు చుట్టుపక్కల ఇళ్లలోని పిల్లులన్నీ మంచాల కిందికి దూరుతాయి. అక్కడి నుంచి దీపావళికి సుమారు 20 రోజులు. పిల్లి కోసం చేయాల్సిన ఏర్పాట్లన్నీ ఈలోపే కావాలి. అమావాస్య సాయంత్రం హడావుడి పడితే లాభం లేదు.

కుక్క భయపడితే అరుస్తుంది, మన కాళ్ల దగ్గరికి వస్తుంది. పిల్లి అలా కాదు, చప్పుడు లేకుండా మాయమవుతుంది. మనకు 20 వేల హెర్ట్జ్ దాకానే వినిపిస్తే, పిల్లికి 60 వేలు దాటినా వినిపిస్తుంది. చెవులు పక్కలకు వాల్చి, కనుపాపలు నల్లగా పెద్దవి చేసి, తోక ఒంటికి చుట్టి నేలకు అతుక్కుపోయిందంటే భయపడుతున్నట్టే. గుర్రుగుర్రుమంటోంది కదా, బాగానే ఉందనుకోకండి. నొప్పిలోనూ భయంలోనూ కూడా కొన్ని పిల్లులు గుర్రుమంటాయి.

ముందు దాక్కునే చోటు చూడండి. వీధి వైపు కాకుండా లోపలి గది మంచిది. అట్టపెట్టెకు పక్కన రంధ్రం కోసి, మీరు వాడిన పాత చీరో తువాలో అందులో పరిచి బీరువా పక్కన పెట్టండి. తిండి, నీళ్లు, ఇసుక తొట్టి అదే గదిలోకి మార్చండి, కానీ తొట్టి గిన్నెలకు దూరంగా ఉండాలి. ఇప్పటి నుంచే రోజూ అక్కడే తినిపిస్తే పండుగ నాటికి అది దాని సొంత గది అవుతుంది. ఆ రాత్రి కిటికీలు మూసి, ఫ్యానో కూలరో నడపండి. దాక్కున్నదాన్ని మాత్రం బయటికి లాగొద్దు. ‘అయ్యో, భయపడుతోంది’ అని ఎత్తుకోబోతే ఎంత మచ్చికైన పిల్లయినా గీరుతుంది, అది కోపం కాదు. గీరినా కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కు చూపించుకోవాలి.

మా వైపు దీపావళికి నోములుంటాయి. చుట్టాలు వస్తూ పోతూ ఉంటే తలుపు తెరిచే ఉంటుంది. నా లెక్కలో పటాకుల కంటే ఈ తలుపే పెద్ద ప్రమాదం. పిల్లి గదికి గొళ్లెం పెట్టి, పిల్లలకు గట్టిగా చెప్పండి.

బతుకమ్మ రోజుల్లోనూ ఒక జాగ్రత్త అవసరం. పూలు కట్టగా మిగిలిన దారం ముక్కలు పిల్లికి ఆటవస్తువులు, మింగితే పేగులకు చుట్టుకుంటాయి. నోట్లో నుంచి గానీ వెనక నుంచి గానీ దారం కొస కనిపిస్తే లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గన్నేరు పూలు విషం, అందకుండా ఉంచండి.

మత్తు మందు కావాలంటే పశువైద్యుడిని వారం ముందే అడగండి, బరువు చూసి రాస్తారు. మన మాత్రలు ఇవ్వొద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్రతో కూడా పిల్లి ప్రాణం పోవచ్చు.

పండుగ తెల్లారి కూడా గమనించండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించాలి. నోరు తెరిచి రొప్పుతున్నా, మగపిల్లి తొట్టిలో ముక్కుతూ కూర్చున్నా మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, టెన్షన్ వల్ల మూత్రం ఆగిపోయే పిల్లులున్నాయి.

పిల్లి తప్పించుకుపోతే అరుస్తూ వెతకొద్దు. ఎక్కువగా రెండు మూడు ఇళ్ల దూరంలోనే, కారు కిందో మెట్ల కిందో నక్కి ఉంటుంది. మోత తగ్గాక, అర్ధరాత్రి దాటిన తర్వాత టార్చి పట్టుకుని, రోజూ తినే డబ్బా ఆడిస్తూ మెల్లగా తిరగండి.